జర్మన్ వంశవృక్షం, 4వ పాఠం: ఇంట్లో అందరూ యోహాన్‌లే

పోయిన పాఠంలో ఒక బాప్తిస్మం నమోదు ఇచ్చి, పాప పుట్టిన తేదీ చెప్పమన్నాను. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా ‘జులై 12’. పుట్టిన తేదీ గడిలో ఉన్నది ‘12 7బెర్’. ‘7బెర్’ అంటే ఏమిటో చెప్పకుండానే పేజీ మీ చేతిలో పెట్టాను, ఆ తప్పు నాదే. కానీ పక్క గడిలో బాప్తిస్మం తేదీ సెప్టెంబర్ 14 అని పూర్తి అక్షరాల్లో ఉంది కదా! ఆ కాలంలో పసిబిడ్డ ఎన్నాళ్లుంటుందో తెలియదు, అందుకే సాధారణంగా రెండు మూడు రోజుల్లోనే చర్చికి తీసుకెళ్లేవాళ్లు. రెండు నెలలు ఆగారంటే అనుమానం రావద్దూ? ఒకరైతే ‘తల్లికి జబ్బు చేసి ఉంటుంది’ అని కథ కూడా అల్లేశారు.

7బెర్ అంటే సెప్టెంబర్. సప్త, అష్ట, నవ, దశ అనుకోండి, ఇక మర్చిపోరు. మనకు చైత్రంతో ఏడాది మొదలైనట్టు పాత రోమన్లకు మార్చితో మొదలయ్యేది, కాబట్టి సెప్టెంబర్ ఏడో నెల. 8బెర్ అక్టోబర్, 9బెర్ నవంబర్, 10బెర్ డిసెంబర్. పది బదులు ఇంటూ గుర్తులాంటి రోమన్ అంకె వేసే పాస్టర్లూ ఉన్నారు.

తల్లి పేరు దగ్గర ‘ముల్లరిన్’ అని చూసి కొత్త ఇంటిపేరు అనుకున్నారు కొందరు. చివరి ‘ఇన్’ తీసేయండి. ముల్లర్ వాళ్ల ఆడమనిషి అని అర్థం, అంతే. కురెంట్ అనే పాత జర్మన్ చేతిరాత గొడవ 2వ పాఠంలోనే అయిపోయింది, మళ్లీ ఎత్తను.

ఇప్పుడు అసలు తలనొప్పి. ‘అయిదుగురు అన్నదమ్ములకీ యోహాన్ అనే ఉంది, పాస్టర్ పొరపాటు పడ్డాడా?’ అని అడిగారు. వేరే ఎవరైనా అడిగితే సరే. తెలుగువాళ్లు అడిగితే నాకు చిరాకే. మీ తాతగారి అన్నదమ్ముల పేర్లు ఓసారి తలుచుకోండి. వెంకట సుబ్బారావు, వెంకట రమణయ్య, వెంకట కృష్ణారావు. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి ‘వెంకటా!’ అని పిలిచేదా? సుబ్బారావునే పిలిచేది. యోహాన్ సరిగ్గా ఆ వెంకట లాంటిదే. యోహాన్ గేయోర్గ్, యోహాన్ ఆడమ్, యోహాన్ పేటర్, యోహాన్ హైన్రిష్, యోహాన్ కోన్రాడ్. పెద్దయ్యాక ఊళ్లో గేయోర్గ్, ఆడమ్, పేటర్. పెళ్లి నమోదులో చాలాసార్లు ఆ ఒక్క పేరే ఉంటుంది. ఖననం నాటికి యోహాన్ మళ్లీ వచ్చి చేరొచ్చు. మూడు చోట్లా మనిషి ఒక్కడే.

పిలిచే పేరును జర్మన్‌లో రూఫ్‌నామె అంటారు. కొన్ని రికార్డుల్లో దాని కింద గీత ఉంటుంది, ఉంటే మీ అదృష్టం. ఆడపిల్లలకు అన్నా, మరియా ఈ పని చేస్తాయి: అన్నా కాతరీనా, అన్నా మార్గరేతా, మరియా ఎలిజబెత్.

కానీ యోహానెస్ వేరు. చివర ‘ఎస్’ ఉంటే అది మామూలుగా పిలిచే పేరే, ముందు తగిలించినది కాదు. యోహాన్ ఆడమ్‌కు యోహానెస్ అనే తమ్ముడు ఉండొచ్చు. ఆ ఒక్క ‘ఎస్’ను తేలిగ్గా తీసుకుంటే ఇద్దరు మనుషులు ఒక్కరైపోతారు.

నేనూ ఇక్కడే పడ్డాను. మా అత్తగారు తన ముత్తాతను ఎప్పుడూ పేటర్ తాత అనేవారు. ఆన్‌లైన్ సూచికలో పేటర్ అని కొట్టాను, ఆ ఊళ్లోనే ఒక పేటర్ దొరికాడు. వయసు కూడా దాదాపు సరిపోయింది. సంబరంగా పైకి రెండు తరాలు కట్టేశాను. నాలుగు నెలల తర్వాత అసలు పేజీ తెరిస్తే ఆ పిల్లవాడి పేరు పక్కన సన్నటి శిలువ గుర్తు. మూడేళ్లకే పోయాడు పాపం. మా అసలు పేటర్ తాత ఇంకో ఇంట్లో యోహాన్ పేటర్‌గా నిక్షేపంగా ఉన్నారు. అందుకే సూచిక చూసి ఆగిపోవద్దని పోరేది. ఒక బిడ్డ పోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెట్టడం కూడా మామూలే, కాబట్టి పేరు దొరికాక ఇంకో అయిదారేళ్ల పేజీలు తిప్పండి.

నా అడ్డదారి ఒకటి చెబుతాను. పేరుకంటే ముందు జ్ఞానపితరుల గడి, అంటే బాప్తిస్మంలో బిడ్డకు పూచీగా నిలబడేవాళ్ల గడి చూస్తాను. చాలా ఊళ్లలో బిడ్డకు వాళ్ల పేరే పెట్టేవాళ్లు. జ్ఞానపిత పేటర్ అయితే యోహాన్ పేటర్ ఏ పేరుతో పెరిగాడో వేరే చెప్పాలా? ఇంకొకటి, నేను ఖననం నుంచి వెనక్కి వస్తాను. వయసు ఏళ్లు, నెలలు, రోజులతో సహా రాసే పాస్టర్ దొరికితే పుట్టిన తేదీ కూడికలు తీసివేతల్లో తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్ మీ ఇష్టం, నాకు పెన్సిలూ గళ్ల నోటుబుక్కే.

అభ్యాసం. ఈసారి కొంచెం గట్టిదే. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ సి.ఎఫ్. హేయర్ గురించి ఆ జిల్లావాళ్లు వినే ఉంటారు. పుట్టింది 1793లో, హెల్మ్‌ష్టెట్‌లో. ఆయన పూర్తి పేరు యోహాన్ క్రిస్టియాన్ ఫ్రీడ్రిష్. యోహాన్ ఎక్కడికి పోయిందో ఇప్పుడు మీకు తెలుసు. ఆయన బాప్తిస్మం నమోదు వెతకాలంటే ఏం చేస్తారో రాయండి. అప్పుడు ఆ ఊరు ఏ రాజ్యంలో ఉండేది, ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉంది? హేయర్ అన్న ఇంటిపేరును చెవికి విన్నట్టు రాసే పాస్టర్ ఎన్ని రకాలుగా రాయగలడు? కనీసం ఆరు కావాలి. ప్రభుత్వ జనన రిజిస్టర్ కావాలని మాత్రం ఎవరికీ ఉత్తరం రాయకండి. జర్మనీ అంతటా అది మొదలైంది 1876 జనవరిలో, అందులోని ప్రష్యా రాజ్యంలో 1874 అక్టోబర్‌లో.

పుట్టిన రోజు 10వ తేదీ, నెల జులై. ఈసారి నిజంగానే జులై.