యొరూబాల మత మార్పు గురించి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

నైజీరియా నైరుతిలో ఉండే యొరూబాల ఇళ్లలో అన్న ముస్లిం, చెల్లి క్రైస్తవురాలు, ఊరి పండగకి ఇద్దరూ హాజరు, ఇదంతా మామూలే. దీని గురించి చదవడానికి కూర్చున్న చాలామంది "తెల్లవాళ్లొచ్చారు, మతం మార్చారు" అన్న ఒక్క ముక్క దగ్గరే ఇరుక్కుపోతారు.

ముందు ఏ ఊరు, ఏ కాలం అన్నది తేల్చుకోండి. 19వ శతాబ్దంలో ఎగ్బా, ఇజెబు, ఇజేషా, ఎకిటి అనే జనసమూహాలు ఎవరికి వారే. అందరికీ కలిపి యొరూబా అన్న పేరు స్థిరపడటంలో మిషనరీల చెయ్యి చాలా ఉంది. ఇస్లాం మాత్రం వాళ్లకంటే ఎంతో ముందే ఉత్తరం నుంచి వ్యాపారులతో పాటు వచ్చేసింది.

మీ దగ్గర ఏదైనా సిద్ధాంతం ఉంటే దాన్ని ఇజెబు మీద పెట్టి చూడండి. మిషనరీలని గడప తొక్కనివ్వని ఆ రాజ్యాన్ని 1892లో బ్రిటిష్ సేన ఓడించింది, ఆ తర్వాత జనం గుంపులుగా చర్చిలో చేరారు. గెలిచినవాడి మతం పట్టుకున్నారంతే అనుకుంటాం కదా, కానీ అదే ఇజెబులో ఇస్లాం కూడా జోరుగా పెరిగింది! అది గెలిచినవాళ్ల మతం కాదే.

ఆధారాలకి వస్తే, చర్చ్ మిషనరీ సొసైటీ అనే ఆంగ్లికన్ మిషనరీ సంస్థ వాళ్ల డైరీలు, ఉత్తరాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. లండన్ పెద్దలకి పంపిన రిపోర్టులే కాబట్టి విజయాలు కాస్త ఉబ్బించి ఉంటాయి, కానీ రాసినవాళ్లలో చాలామంది యొరూబాలేనని మర్చిపోవద్దు. మిషనరీ అయిన యొరూబా శామ్యూల్ అజాయి క్రౌథర్‌నే తీసుకోండి: 1821లో బానిసగా పట్టుబడి, మరుసటేడు బ్రిటిష్ నౌకాదళం విడిపిస్తే సియెరా లియోన్ చేరాడు, పాతికేళ్ల తర్వాత 1846లో అబెయొకుటా అనే యొరూబా పట్టణంలో కన్నతల్లిని కలిశాడు, 1848లో ఆమె బాప్తిస్మం తీసుకుంది. ఆవిడ మారింది బోధ విని అంటారా, కొడుకు దొరికినందుకా? ఇలాంటి చోట తొందరపడి తీర్పు ఇవ్వకండి. డైరీల్లో బోధ కంటే ఊరివాళ్లు అడిగిన ప్రశ్నలు చదవండి, అసలు సరుకు అక్కడుంది: పిల్లలు పుడతారా, జబ్బు నయమవుతుందా, యుద్ధంలో గెలుస్తామా. ఇఫా అనే యొరూబా సోదె పద్ధతిలో జోస్యం చెప్పే పూజారిని, అంటే బబలావోని అడిగేవీ ఇవే. బిడ్డని ముస్లింగా పెంచమని ఇఫాయే చెప్పిన దాఖలాలు కూడా ఉన్నాయి.

ఈ ప్రశ్నలు పట్టుకుంటే అలదూరా చర్చిలు, అంటే ప్రార్థనతోనే జబ్బు నయమవుతుందని నమ్మే యొరూబా చర్చిలు, సులువుగా అర్థమవుతాయి. 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు ఇజెబు-ఓడేలో ఒక ఆంగ్లికన్ చర్చి సభ్యులే ప్రార్థనా బృందం పెట్టుకున్నారు, తర్వాత ఆ చర్చి నుంచి విడిపోయారు. 1930లో ఇలేషాలో జోసెఫ్ బబలోలా అనే మాజీ రోడ్డు రోలర్ డ్రైవర్ ప్రార్థించి ఇచ్చే నీళ్ల కోసం జనం పాత్రలు పట్టుకుని బారులు తీరారు. మందు, తాయెత్తు రెండూ వదిలేసి ఆ నీళ్లే తాగారు. మిషన్ చర్చి ఈ అవసరాన్ని పెద్దగా పట్టించుకోలేదనే నా అభిప్రాయం.

శాతాల జోలికి మాత్రం పోకండి. 1963 తర్వాత నైజీరియా జనాభా లెక్కల్లో మతం అడగడం లేదు, కాబట్టి మీకు కనిపించే అంకెలన్నీ అంచనాలే.

ఒరిషాల, అంటే యొరూబాల పాత దేవతల పూజల గురించి భూతకాలంలో రాయొద్దు. ఒషోగ్బో పట్టణంలో ఒషున్ అనే నదీదేవత వనం ఉంది, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, ఏటా ఆగస్టులో అక్కడ ఉత్సవం జరుగుతోంది. క్యూబా, బ్రెజిల్‌లలోనూ ఆ దేవతలకి కొలుపు ఆగలేదు.