జర్మనీ ఆఫర్ వచ్చిందా? ఇక్కడ పేపర్లు పెట్టే ముందు ఇవి చూసుకోండి

ఆఫర్ లెటర్ రాగానే మనవాళ్ళు చాలామంది ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా చేసేస్తారు. దయచేసి ఆ తొందర పడకండి, పాస్‌పోర్ట్‌లో వీసా పడేదాకా ఆగండి. మీ నోటీస్ పీరియడ్ మూడు నెలలైతే ఆ మాట అక్కడి హెచ్ఆర్‌కి ముందే చెప్పి జాయినింగ్ తేదీ జరిపించుకోండి, జర్మనీలోనూ నోటీస్ పీరియడ్లు పెద్దవే కాబట్టి ఇది వాళ్ళకి కొత్తేమీ కాదు.

ముందు చూడాల్సింది డిగ్రీ. డిగ్రీతో ఉద్యోగానికి వచ్చే విదేశీయులకి ఇచ్చే నివాస పర్మిట్ అయిన బ్లూ కార్డ్‌కి, మీ యూనివర్సిటీ అనాబిన్ అనే విదేశీ డిగ్రీల జర్మన్ డేటాబేస్‌లో హెచ్ ప్లస్‌గా, అంటే గుర్తింపు ఉన్నదిగా ఉండాలి, మీ డిగ్రీ కూడా అందులో సరిసమానమని ఉండాలి. ఒకటుండి రెండోది లేక ఆగిపోయేవాళ్ళూ ఉంటారు. కాలేజీ ఏ ఊళ్ళోదైనా పట్టా ఇచ్చింది జేఎన్‌టీయూనో, ఉస్మానియానో, ఆంధ్రా యూనివర్సిటీనో అయితే ఆ పేరుతోనే వెతకండి. దొరకలేదా, బాన్‌లో ఉండే జెడ్ఏబీ అనే విదేశీ డిగ్రీలు పరిశీలించే ప్రభుత్వ ఆఫీసు నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ కంపేరబిలిటీ, అంటే మీ డిగ్రీ అక్కడ దేనికి సమానమో చెప్పే పత్రం తెప్పించుకోవాలి. ఫీజు 208 యూరోలు, టైమ్ పడుతుంది, అందుకే ఇంటర్వ్యూలు నడుస్తుండగానే అప్లై చేసేయడం మంచిది. ఐటీ వాళ్ళకి డిగ్రీ లేకున్నా గత ఏడేళ్ళలో మూడేళ్ళ తగిన అనుభవంతో దారి ఉంది, కానీ అప్పుడు మీరు ఏ పని చేశారో ఎక్స్‌పీరియన్స్ లెటర్లలో వివరంగా ఉండాలి, ఉత్త డిజిగ్నేషన్ రాసిస్తే చాలదు.

బ్లూ కార్డ్‌కి ఉండాల్సిన కనీస జీతం ఏటా జనవరిలో మారుతుంది. 2025లో ఏడాదికి 48,300 యూరోలు, ఐటీ, ఇంజనీరింగ్ లాంటి కొరత ఉన్న వృత్తులకీ కొత్త గ్రాడ్యుయేట్లకీ 43,759.80. గ్యారంటీ లేని బోనస్ ఈ లెక్కలోకి రాదు, కాబట్టి ఆఫర్ గీత అంచున ఉంటే ఫిక్స్‌డ్ జీతమే పెంచమని అడగండి.

సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉండి పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటే, ఇద్దరూ ఒకరేనని చూపే కాగితం ముందే సిద్ధం చేసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బులడిగే కన్సల్టెన్సీలకి రూపాయి కూడా ఇవ్వకండి. ఆ కంపెనీ నిజంగా ఉందో లేదో జర్మనీ కంపెనీల రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు.

దిగాక మొదటి పని అడ్రస్ రిజిస్ట్రేషన్, ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు. దానికి ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి, కొన్ని తాత్కాలిక అద్దె ఇళ్ళవాళ్ళు ఇవ్వరు, అడ్వాన్స్ కట్టకముందే అడగండి.

అసలు టెన్షన్ మొదటి ఏడాదిదే. ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండొచ్చు, అందులో రెండు వారాల నోటీస్‌తో తీసేయొచ్చు, అందుకని ఆ కొన్నాళ్ళూ కారు లోన్ లాంటివి నెత్తిన పెట్టుకోకండి. మొదటి 12 నెలల్లో కంపెనీ మారితే, నివాస పర్మిట్లు చూసే అక్కడి విదేశీయుల ఆఫీసుకి తెలియజేయాలి. ఉద్యోగం పోతే దాచకండి, రెండు వారాల్లోపు చెప్పడం చట్టం, చెప్తే వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి టైమ్ ఇస్తారు.

బ్లూ కార్డ్ గడువు తీరకముందే పొడిగింపుకి అప్లై చేయండి. ఈలోగా ఇచ్చే తాత్కాలిక పత్రంలో జర్మనీ నివాస చట్టం సెక్షన్ 81లోని నాలుగో ఉపవిభాగం దగ్గర టిక్ ఉందో లేదో చూశాకే ఇండియాకి టికెట్ తీసుకోండి. మూడో దాని దగ్గర ఉంటే ఆ పత్రంతో మళ్ళీ లోపలికి రానివ్వరు.