ఆకాశాన్ని ఫోటో తీద్దాం – 5వ పాఠం: మూలల నలుపుకి భాగహారం, ఊరి వెలుగుకి తీసివేత

పోయిన పాఠంలో ఎం 31, అంటే ఆండ్రోమెడా గెలాక్సీ ఫ్రేములన్నిటినీ సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ చేసి, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చి కలిపి, ఒక్క ఫైల్ చేసుకున్నాం. ఇప్పుడు దాన్ని తెరిచి డిస్‌ప్లే మోడ్‌ని లీనియర్ నుంచి, మసక వెలుగుని సాగదీసి కంటికి కనిపించేలా చూపే ఆటోస్ట్రెచ్‌కి మార్చండి. నాలుగు మూలలూ నల్లబడి, ఒక పక్కంతా నారింజ రంగు పులుముకుని, గెలాక్సీ ఆ మసకలో ఎక్కడో కనపడుతుంటే కంగారు పడకండి, డేటా ఏమీ పాడవలేదు. చాలామంది ఇక్కడే తొందరపడి కర్వ్స్ లాగడం, మూలల్ని బ్రష్‌తో వెలిగించడం మొదలుపెడతారు. అది మాత్రం వద్దు. ఈ ఫోటోలో ఉన్నవి రెండు వేర్వేరు లోపాలు, ఒకటి పోవాలంటే భాగహారం చేయాలి, రెండోది పోవాలంటే తీసివేత చేయాలి. ఏది దేనికో తెలిస్తే మిగతా పని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

మూలల నలుపు, అంటే విగ్నెటింగ్, లెన్స్ వల్ల వచ్చేది. మధ్యలో 100 పాళ్ల వెలుగు సెన్సర్‌కి చేరితే మూలకి 60 పాళ్లే చేరుతుంది. అది ఆకాశపు వెలుగా, నక్షత్రపు వెలుగా, గెలాక్సీ వెలుగా అని చూడదు, అన్నిటినీ అదే లెక్కన కోసేస్తుంది. ఊరి వెలుగు అలా కాదు. అది దేన్నీ కోయదు, ఉన్నదాని మీద అదనంగా వచ్చి పడుతుంది, ఊరు ఉన్న వైపు ఎక్కువగా, అవతలి వైపు తక్కువగా. దీన్నే గ్రేడియంట్ అంటున్నాం. చందమామ వెలుగు కూడా ఇదే కోవలోకి వస్తుంది.

అంకెల్లో చూద్దాం. ఫ్రేము మధ్యలో నేపథ్యం విలువ 1000, దాని మీద ఒక మసక వస్తువు 200 కలిపింది అనుకోండి. అదే వస్తువు మూలలో ఉంటే నేపథ్యం 600, వస్తువు 120 అవుతాయి. మూల నల్లగా ఉంది కదా అని 400 కలిపితే నేపథ్యం 1000కి వచ్చి చూడ్డానికి సమానంగానే ఉంటుంది, కానీ వస్తువు 120 దగ్గరే ఉండిపోతుంది. అదే 0.6తో భాగిస్తే నేపథ్యం 1000, వస్తువు 200, రెండూ సరిగ్గా వస్తాయి. ఇప్పుడు తిరగేసి చూడండి. ఊరి వెలుగు ఒక పక్క 400 కలిపి నేపథ్యాన్ని 1400 చేసింది, వస్తువు మాత్రం 200గానే ఉంది. ఇక్కడ 400 తీసేస్తే సరిపోతుంది. 1.4తో భాగించారంటే వస్తువు 143కి పడిపోతుంది. కంటికి రెండు ఫోటోలూ చదునుగానే కనిపిస్తాయి కాబట్టి తప్పు జరిగిందని తెలియదు, తర్వాత రంగులు సరిచేసేటప్పుడు ఎంత తంటాలు పడినా ఎందుకు కుదరడం లేదో అర్థం కాదు.

వరస కూడా ముఖ్యమే. ఊరి వెలుగు కూడా లెన్స్ గుండానే వచ్చింది కాబట్టి దానికీ మూలల్లో కోత పడింది. అందుకే ముందు భాగహారం, తర్వాతే తీసివేత.

భాగహారానికి కావాల్సినవి ఫ్లాట్స్, అంటే సమానంగా వెలిగే తెల్లటిదాన్ని అదే లెన్స్‌తో తీసిన ఫోటోలు; మూలల్లో ఎంత కోత పడిందో అవే చెబుతాయి. ఫ్లాట్స్ తీయడం కుదరలేదు, సాఫ్ట్‌వేర్‌తో మొత్తం లాగేయొచ్చు కదా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఎం 31 విషయంలో అది ఎందుకు కుదరదో చెబుతాను, ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. 200 ఎంఎం లెన్స్, ఏపీఎస్-సీ కెమెరా అయితే ఫ్రేము వెడల్పు 6 డిగ్రీల పైచిలుకు, గెలాక్సీ పొడవు సుమారు 3 డిగ్రీలు. అంటే ఫ్రేము మధ్య భాగమంతా గెలాక్సీదే. విగ్నెటింగ్ ఏం చేస్తుంది? మధ్యలో వెలుగు ఎక్కువ, అంచులకి పోయేకొద్దీ తక్కువ. గెలాక్సీ ఏం చేస్తుంది? సరిగ్గా అదే! మధ్యలో ఉన్న ఆ ఉబ్బులో లెన్స్ వాటా ఎంత, గెలాక్సీ బయటి చేతుల వాటా ఎంత అన్నది ఆ ఒక్క ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు, ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. ఆ సమాచారం ఫ్లాట్స్‌లో మాత్రమే ఉంటుంది. సెన్సర్ మీది దుమ్ము వల్ల వచ్చే గుండ్రటి మచ్చలూ అంతే, రా ఫైళ్లు తెరిచే సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ లోపాలు సరిదిద్దే లెన్స్ ప్రొఫైల్‌కి మీ కెమెరాలో దుమ్ము ఎక్కడుందో తెలియదు కదా.

కాబట్టి ఫ్లాట్స్ తీయండి. ఖర్చేమీ లేదు. తెల్లటి టీ షర్టుని రెండు మడతలుగా, ముడతలు లేకుండా లెన్స్ మీద బిగించి, తెల్లారేటప్పుడు కెమెరాని నడినెత్తి ఆకాశం వైపు తిప్పి 25, 30 ఫోటోలు తీస్తే చాలు. ఐఎస్ఓ, ఎఫ్ నంబర్, ఫోకస్, మూడూ రాత్రి ఉన్నట్టే ఉండాలి, కెమెరాని లెన్స్ నుంచి విప్పకూడదు, ఫోకస్ రింగ్ కదలకుండా టేప్ వేసి ఉంచండి. హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) గుట్ట సుమారు మధ్యలో పడేలా షట్టర్ వేగం పెట్టుకోండి. ఆకాశం బదులు ఎల్ఈడీ ప్యానెల్ వాడితే షట్టర్ మరీ వేగంగా పెట్టొద్దు, చారలు వస్తాయి. ఆ తర్వాత లెన్స్ మూత పెట్టి, అదే ఐఎస్ఓలో, కెమెరాలో ఉన్న అతి తక్కువ సమయంతో మరో 30 తీయండి, ఇవి బయాస్ ఫ్రేములు. ఇవెందుకంటే, వెలుగు అసలు లేకపోయినా కెమెరా ప్రతి పిక్సెల్‌కీ కొంత విలువ కలిపి రాస్తుంది, దాన్ని తీసేయకుండా భాగిస్తే లెక్క తప్పుతుంది. ఫ్లాట్స్ వేశాక మూలలు నల్లగా కాకుండా ఉల్టా తెల్లగా వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. మీ గెలాక్సీ ఫ్రేముల్లోంచి డార్క్ (మూత పెట్టి, గెలాక్సీ ఫ్రేములంత సమయమే తీసిన ఫ్రేము) గానీ బయాస్ గానీ తీసివేయబడలేదేమో చూసుకోండి.

ఈ ఫ్లాట్స్‌నీ బయాస్‌నీ సిరిల్‌లో కాలిబ్రేషన్ దగ్గర ఇస్తే తీసివేత, భాగహారం అదే చేసేస్తుంది. భాగహారం పని అయింది, ఇక ఊరి వెలుగు. మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల నుంచి తీస్తే హైదరాబాద్ వెలుగు తూర్పు దిక్కున ఉంటుంది. ఎం 31 ఈశాన్యాన ఉదయించి, ఉత్తరంగా 66 డిగ్రీల ఎత్తుకి చేరి, వాయవ్యంలోకి దిగుతుంది. ఆకాశంతో పాటు కెమెరాని తిప్పే స్టార్ ట్రాకర్ గెలాక్సీని ఫ్రేములో కదలకుండా పట్టుకుంటుంది గానీ, దిగంతం మాత్రం ఆ ఫ్రేము చుట్టూ మెల్లగా తిరుగుతూ ఉంటుంది. సాయంత్రం ఫ్రేముల్లో ఊరి వెలుగు ఒక అంచున ఉంటే అర్ధరాత్రి ఫ్రేముల్లో ఇంకో అంచుకి జరుగుతుంది. ఒక్కో ఫ్రేములో అది ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నేరుగా వాలిన మామూలు వాలే, వందల ఫ్రేములు కలిపి స్టాక్ చేశాక మాత్రం ఆ వాలులన్నీ ఒకదానిమీద ఒకటి పడి, మెలితిరిగిన ఆకారం తయారవుతుంది. దాన్ని తర్వాత విప్పడం కష్టం.

అందుకే పోయిన పాఠంలో చేసిన స్టాక్‌ని పక్కన పెట్టి, విడి ఫ్రేములతో మళ్లీ మొదలుపెట్టండి. స్టాక్ చేయకముందే ఒక్కో ఫ్రేము నుంచి వాలు తీసేయడం మంచిది. సిరిల్‌లో కాలిబ్రేషన్ అయ్యి, ఫ్రేములు రంగుల్లోకి మారాక, రిజిస్ట్రేషన్‌కి (నక్షత్రాలు ఒకదానిమీద ఒకటి పడేలా ఫ్రేముల్ని సర్దడానికి) ముందు, బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ తెరిచి పాలినోమియల్ డిగ్రీ 1 పెట్టి, సీక్వెన్స్ మొత్తానికి, అంటే ఫ్రేములన్నిటికీ, వర్తింపజేయండి. డిగ్రీ 1 అంటే ఉత్త వాలు మాత్రమే, వంపులు ఉండవు, కాబట్టి గెలాక్సీని తినేసే ప్రమాదం చాలా తక్కువ. ఇక్కడ 4 పెట్టకండి, ప్రతి ఫ్రేములోనూ గెలాక్సీ చేతులు కొంచెం కొంచెం కొరుక్కుపోతాయి.

స్టాక్ చేశాక ముందు అంచులు క్రాప్ చేయండి, ఫ్రేములు పూర్తిగా కలవని అంచులు అలాగే ఉంటే లెక్కని తప్పుదారి పట్టిస్తాయి. ఆ తర్వాత మళ్లీ బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్. ఈసారి శాంపిల్స్, అంటే ఖాళీ ఆకాశం ఇదీ అని సాఫ్ట్‌వేర్‌కి చూపే గుర్తులు, మీరు చూసి పెట్టాలి. జనరేట్ నొక్కితే చతురస్రాలు వరసగా పడతాయి. గెలాక్సీ మీద, దాని పక్కనే ఉన్న చిన్న గెలాక్సీ ఎం 110 మీద, పెద్ద నక్షత్రాల వెలుగు మీద పడ్డవన్నీ కుడి క్లిక్‌తో తీసేయండి. గెలాక్సీ అయిపోయిందనిపించే చోటు నుంచి ఇంకా బాగా దూరం వదలండి, ఎందుకంటే కంటికి ఆగిపోయినట్టున్నా దాని వెలుగు ఆగదు. పాలినోమియల్ బదులు ఆర్‌బీఎఫ్ అనే పద్ధతి ఎంచుకుని, స్మూతింగ్ ఎక్కువగానే ఉంచి, కరెక్షన్ దగ్గర సబ్‌ట్రాక్షన్ ఉందో లేదో చూసుకుని కంప్యూట్ చేయండి. ఇదే పని చేసే గ్రాఎక్స్‌పర్ట్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, దాని ఏఐ పద్ధతిలో శాంపిల్స్ పెట్టే పని ఉండదు, చాలా ఫోటోలకి బాగానే చేస్తుంది. పిక్స్‌ఇన్‌సైట్ సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లకి దానిలో డీబీఈ అనే సాధనం ఉంది, ఆలోచన అదే.

ఏది వాడినా ఒక్క తనిఖీ మానొద్దు. తీసేసిన భాగాన్ని విడిగా చూడండి. గ్రాఎక్స్‌పర్ట్‌లో బ్యాక్‌గ్రౌండ్‌ని సేవ్ చేసుకోవచ్చు, సిరిల్‌లో అయితే పిక్సెల్ మ్యాథ్‌లో పాత ఫోటో నుంచి కొత్తది తీసివేస్తే వచ్చేది అదే. అందులో మెత్తగా ఒక పక్కకి వాలిన వెలుగు తప్ప ఇంకేమీ ఉండకూడదు. కోలగా, గెలాక్సీ వాలిన దిక్కునే ఒక మరక కనిపించిందంటే మీరు గెలాక్సీనే తీసేశారు. శాంపిల్స్ ఇంకా దూరం జరిపి మళ్లీ చేయండి.

వృశ్చికంలో జ్యేష్ఠా నక్షత్రం చుట్టూ ఉన్న రో ఒఫియూకీ మేఘాల లాంటి చోట ఫ్రేము నిండా ధూళి, వాయువులే, అసలు ఖాళీ ఆకాశమే దొరకదు. అలాంటి ఫోటోలకి డిగ్రీ 1తో ఆపేయండి, ఏఐనీ నమ్మకండి, నిజమైన మేఘాన్ని ఊరి వెలుగనుకుని చెరిపేసే అవకాశం ఉంది. ఇంకో మాట, తీసివేతతో ఊరి వెలుగు పోతుంది గానీ అది తెచ్చిన నాయిస్ పోదు. ఆ పక్క గరుకుగా కనిపిస్తే మీ ప్రాసెసింగ్ తప్పు కాదు, దానికి ఇంకా ఎక్కువ ఫ్రేములు, ఇంకా చీకటి చోటు, అంతే.

ఈసారి అభ్యాసం: ఒకే డేటాని రెండు సార్లు స్టాక్ చేయండి, ఒకసారి ఫ్లాట్స్‌తో, ఒకసారి లేకుండా. రెండిటికీ అవే శాంపిల్స్‌తో బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, గెలాక్సీ బయటి చేతులు ఎంతవరకు కనిపిస్తున్నాయో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ ఫైళ్లు స్ట్రెచ్ చేయకుండా అలాగే ఉంచండి, 6వ పాఠంలో కలర్ కాలిబ్రేషన్ వాటి మీదే చేస్తాం.