తిండి మానకుండా పోటీ బరువుకు ఎలా రావాలి?

విశాఖపట్నంలో వేసవి ఉదయం ఆర్కే బీచ్ రోడ్డు మీద, అంత ఉక్కపోతలోనూ మెడదాకా జిప్పు లాగిన రెయిన్‌కోటుతో పరుగెత్తే కుర్రాళ్ళు అప్పుడప్పుడు కనిపిస్తారు. బాక్సింగ్, కుస్తీ వంటి బరువు తరగతులున్న ఆటల్లో, తూకానికి ముందు చెమట పట్టించి ఒకటి రెండు కిలోలు దింపుకోవాలన్నది వారి తాపత్రయం. ఆ పోయేది కొవ్వు కాదు, నీరు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ క్రీడాకారులు ఇలాగే బరువు దింపుకోబోయి కొద్ది వారాల వ్యవధిలో చనిపోయారు. నీరు పోయే మాత్రలైతే డోపింగ్ నిషేధ జాబితాలోనే ఉన్నాయి.

అందుచేత మొదట తేల్చుకోవలసింది, అసలు బరువు తగ్గవలసిన అవసరం ఉందా అన్నది. 18 ఏళ్ళలోపు పిల్లలు వైద్యుడు చెబితే తప్ప ఆ ప్రయత్నమే చేయకూడదు. ఎత్తు పెరుగుతున్న పిల్లను పాత తరగతిలోనే పట్టి ఉంచడం కన్నా పై తరగతిలో ఆడించడం మేలని నా గట్టి నమ్మకం. శ్రీకాకుళం జిల్లాలో ఎదిగిన వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 1995లో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె కాంస్యం గెలిచింది 69 కిలోల తరగతిలో.

తగ్గడం తప్పదని తేలితే, రెండవ పని గడువు లెక్క వేసుకోవడం. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకు తగ్గడం క్షేమకరం. 60 కిలోల క్రీడాకారిణి 57 కిలోల తరగతికి రావాలంటే, వారానికి 300 నుంచి 600 గ్రాముల చొప్పున, అయిదు నుంచి పది వారాలు పడుతుంది. కాబట్టి పోటీకి రెండున్నర నెలల ముందే మొదలుపెట్టాలి.

మూడవది కంచం. తిన్న శక్తిలో సాధనకు ఖర్చయినది పోగా మిగిలినదానితోనే గుండె, ఎముకలు, హార్మోన్లు నడవాలి. కొవ్వు మినహా ఉన్న ఒంటి బరువులో కిలోకు రోజుకు 30 కిలోక్యాలరీల కన్నా ఆ మిగులు చాలాకాలం తగ్గితే ఒళ్ళు ఒక్కొక్క పనినే ఆపుకుంటూ వస్తుంది. నెలసరి ఆగిపోతుంది, ఎముకలు పలచబడతాయి. ఈ స్థితికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ రెడ్-ఎస్ (ఆటల్లో శక్తి కొరత) అని పేరు పెట్టింది. ఇది మగవారికీ వస్తుంది. కనుక అన్నం పూర్తిగా మానవద్దు. సాధనకు ముందూ వెనకా ఉంచుకొని, రాత్రిపూట కాస్త తగ్గించండి. నూనెలో వేగిన పునుగులు, బజ్జీలు పక్కన పెట్టండి. మాంసకృత్తులు కిలో బరువుకు 1.6 గ్రాములకు తగ్గకూడదు, అంటే 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 96 గ్రాములు. గుడ్లు, పప్పు, పెరుగు, మన తీరంలో దొరికే కవ్వళ్ళ చేపలు ఇందుకు అక్కరకు వస్తాయి. చోడి (రాగి) అంబలి మరువకండి. 100 గ్రాముల చోడిపిండిలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

తూకం వారానికి ఒకటి రెండుసార్లు, ఉదయం, ఎవరూ చూడనిచోట జరగాలి. అందరి ఎదుటా అంకె చదివి వినిపించే అలవాటును శిక్షకులు వెంటనే మానాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది ఈటింగ్ డిజార్డర్, అంటే తిండి విషయంలో మనసుకు పట్టే జబ్బు, లక్షణాలను. నేను సాధనకు వెళ్ళిన చోట ఒక అమ్మాయి ఇడ్లీని నాలుగు తుంపులు చేసి, ఒకటి చట్నీలో అద్దుకుని, మిగిలిన మూడూ పళ్ళెం అంచుకు నెట్టి, "పొద్దున్నే ఇంట్లో తిన్నానక్కా" అనేది. ఆరు వారాలు ఆ మాట నమ్మాను. కాలి ఎముకలో సన్నని పగులుందని స్కానింగ్‌లో తేలాక గాని నాకు తట్టలేదు. నలుగురితో కలిసి తినకపోవడం, తిన్న వెంటనే స్నానాలగదికి వెళ్ళడం, వాంతి కోసం గొంతులో వేళ్ళు పెట్టుకోవడం వల్ల వేలి కణుపుల మీద కాచిన కాయలు, ఎప్పుడూ చలి, విశ్రాంతి రోజున కూడా దాచి చేసే వ్యాయామం, మూడు నెలలుగా రాని నెలసరి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వైద్య పరీక్ష అవసరం. మనిషి సన్నగా లేకపోయినా ఈ జబ్బు ఉండవచ్చు. వాంతులు చేసుకునేవారిలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదముంది. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయండి.

ఈ లక్షణాలున్నవారితో మాట్లాడేటప్పుడు బరువు ఊసు ఎత్తకండి. "చిక్కిపోయావేంటి" అన్న మాట కూడా ఆ మనసుకు మెప్పులా వినిపించవచ్చు. "ఈమధ్య నువ్వు నీరసంగా ఉంటున్నావమ్మా, నాకు దిగులుగా ఉంది, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరకు వెళదాం" అని ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. మొదటిసారి కసురుకున్నా వారం ఆగి మళ్ళీ అడగండి. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్), లేదా చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్ళవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. వైద్యుడు, పోషకాహార నిపుణులు, మానసిక నిపుణులు ముగ్గురూ కలిసి చూడవలసిన జబ్బు ఇది. చికిత్స సాగినంతకాలం తూకం ఆసుపత్రిలోనే వేయించండి. మళ్ళీ రింగులోకి ఎప్పుడు దిగాలో వైద్యుడినే చెప్పనివ్వండి.