కొత్త కెర్నల్‌కు మారే ముందు: రెండు గ్రాఫిక్స్ చిప్‌ల ల్యాప్‌టాప్ ఉన్నవారికి

లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 24.04 మొదట 6.8 కెర్నల్‌తో (సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) వచ్చింది. ఆ తర్వాత 6.11, 6.14 వరుసగా దిగాయి. ల్యాప్‌టాప్‌లో ఇంటెల్‌తో పాటు ఎన్విడియా చిప్ కూడా ఉంటే, కెర్నల్ మారిన ప్రతిసారీ డ్రైవర్ (ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) దానికి తగ్గట్టు కుదురుకోవాలి. మర్నాడు ఆఫీసులో ప్రజెంటేషన్ ఉన్న రాత్రి మాత్రం దీని జోలికి వెళ్లకండి.

నేను వెళ్లాను. ల్యాప్‌టాప్ తెర బాగానే వెలిగింది. హెచ్‌డీఎంఐకి తగిలించిన మానిటర్ 'నో సిగ్నల్' అని ఒకసారి చూపించి నల్లబడింది. గంటసేపు కేబుళ్లు మార్చాను, పక్కింటివారి కేబుల్ కూడా అరువు తెచ్చాను. పాపం, కేబుళ్ల తప్పేమీ లేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు నేరుగా ఎన్విడియా చిప్‌కే కలిపి ఉంటుంది. దాని డ్రైవర్ లేవకపోతే బయటి తెరకు బొమ్మ రాదు.

డ్రైవర్ ఎందుకు లేవలేదంటే, నా తొందర వల్లే. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను లేవనివ్వని రక్షణ) ఆన్‌లో ఉండి, డ్రైవర్ మాడ్యూల్ మన యంత్రంలోనే తయారైతే, ముందు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కి, 'ఎన్‌రోల్ మోక్' (Enroll MOK: ఆ డ్రైవర్ సంతకాన్ని యంత్రం నమ్మేలా నమోదు చేయడం) ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. నేను అప్పుడు టీ కోసం లేచాను. ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసుకుని, నీలం తెర దాటేవరకు కుర్చీలోంచి కదలకండి.

ఇప్పుడు నడుస్తున్న డ్రైవర్ వెర్షన్‌ను కూడా ఆ కాగితం మీదే రాయండి. ఎన్విడియా జీటీఎక్స్ 900, 10 వరుసల కార్డులకు 580 శ్రేణి డ్రైవరే ఆఖరిది. కొత్తది కదా అని 590 వేస్తే కార్డు పనిచేయదు. కంపెనీ సైట్ నుంచి ఇన్‌స్టాలర్ దించి వేయడం కన్నా ఉబుంటు ఇచ్చే ప్యాకేజీలే మేలు.

తెర మొత్తం నల్లబడితే ఏం చేయాలో అన్నీ బాగున్నప్పుడే ఒకసారి చేసి చూడండి. స్టార్ట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ కీ తడితే గ్రబ్ మెనూ (ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే చోటు) వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ కనిపించాలి. అదీ మొరాయిస్తే, మెనూలో 'ఈ' (e) కీ నొక్కి, 'లినక్స్' (linux) అని మొదలయ్యే వరుస చివర 'నోమోడ్‌సెట్' (nomodeset) చేర్చి కంట్రోల్-ఎక్స్ కొట్టాలి. తెర ముతకగా వస్తుంది, మరమ్మతుకు అది చాలు.

కొత్త కెర్నల్ ఎక్కాక మానిటర్ తగిలించి చూడండి, మూత వేసి తీసి చూడండి. ఆ రెండూ కుదిరేదాకా పాత కెర్నల్‌ను తీసేయకండి.