వికీపీడియా వ్యాసానికి మూలాలు ఎంచుకోవడం: రామప్ప గుడి ఉదాహరణగా

తెలుగు వికీపీడియాలో కొత్తగా రాసేవారు "ఈ వెబ్‌సైటును మూలంగా ఇవ్వవచ్చా?" అని తరచుగా అడుగుతారు. ఏ వాక్యానికి ఇస్తున్నారో తెలియకుండా దీనికి జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే ఒక వాక్యానికి గట్టి ఆధారమైన పుస్తకమే పక్క వాక్యానికి పనికిరాకపోవచ్చు. అందుకని ముందుగా రాయదలచిన పేరాను వాక్యాలుగా విడదీసి, ఒక్కొక్కటి ఎలాంటి సంగతి చెబుతున్నదో చూసుకోవాలి. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి గురించి రాస్తున్నామనుకుందాం.

కాకతీయ గణపతిదేవుని కాలంలో సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడన్న సంగతికి మొదటి ఆధారం 1213 నాటి శాసనం. అయితే శాసనాన్ని మనమే చదివి, మనమే అర్థం చెప్పి వ్యాసంలో పెట్టకూడదు. వికీపీడియాలో మౌలిక పరిశోధనకు, అంటే ఇంకెక్కడా ప్రచురించని సొంత విశ్లేషణకు, చోటు లేదు. చిన్న చిక్కులు కూడా ఉంటాయి. శాసనంలోని శక సంవత్సరం 1135కు 78 కలిపితే క్రీస్తుశకం 1213 వస్తుంది గానీ, పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల్లో వేయించిన శాసనాలకు ఈ కూడిక ఒక ఏడాది తప్పే అవకాశం ఉంది. ఆ లెక్కలను శాసన పరిష్కర్తలకు వదిలి, వారు ప్రచురించిన సంపుటాన్ని పుట సంఖ్యతో సహా చూపించాలి. పుస్తకం ఇంటర్నెట్‌లో దొరకకపోయినా ఇబ్బంది లేదు, పుట సంఖ్య ఉంటే చాలు.

2021లో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన యునెస్కో, నిర్మాణం 1213లో మొదలై సుమారు 40 ఏళ్లు సాగిందని భావిస్తున్నట్లు తన వివరణలో రాసింది. మరో పుస్తకం 1213లోనే గుడి పూర్తయిందని చెబితే, రెండింటిలో మనకు నచ్చినది ఉంచి రెండోది తుడిచేయడం సరికాదు. ఏది ఎవరు చెప్పారో పేర్కొంటూ రెండూ రాయాలి.

శిల్పి రామప్ప పేరు మీదుగానే గుడికి ఆ పేరు వచ్చిందన్న మాట ఇంకో తరగతికి చెందుతుంది. పర్యాటక కరపత్రం, ఆదివారం అనుబంధంలోని వ్యాసం, గైడ్ చెప్పిన కథ ఇవన్నీ అలాంటి నమ్మకం జనంలో ఉన్నదనడానికి ఆధారాలే. కాబట్టి "స్థానికంగా చెబుతారు" అని రాయడానికి అవి సరిపోతాయి, చారిత్రక నిర్ధారణగా రాయడానికి సరిపోవు. విమానానికి (గర్భగుడి మీది శిఖర నిర్మాణానికి) వాడిన ఇటుకల విషయం కూడా ఇంతే. ఇవి తేలికైన, సూక్ష్మరంధ్రాలున్న ఇటుకలని, వీటిని "తేలే ఇటుకలు" అంటారని యునెస్కో వివరణలో ఉంది. అంతవరకు నిశ్చింతగా రాయవచ్చు. గిన్నెలో నీళ్లు పోసి ఇటుక ముక్క తేల్చి చూపిన యూట్యూబ్ వీడియో ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ ముక్క ఎక్కడిదో ఎవరూ పరిశీలించలేదు గనుక అది మూలం కాదు.

కొన్ని సంగతుల్లో మూలం నమ్మదగినదే అయినా పాతబడి ఉంటుంది. పాలంపేట 2016 అక్టోబరు 11కు ముందు వరంగల్ జిల్లాలో, ఆ తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. మూడు పేర్లూ మూడు కాలాల్లో సరైనవే. ప్రస్తుత జిల్లాకు జిల్లాల పునర్వ్యవస్థీకరణ జీవోను చూపించాలి. జనాభాకు 2011 జనగణన పుస్తకాన్ని ఇచ్చేటప్పుడు మాత్రం, అందులో వరంగల్ జిల్లా అని ఉండటం చూసి కంగారుపడి అంకెలను తీసేయనవసరం లేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినది మన వ్యాసమే మనకు మూలమై తిరిగి రావడం. ఆధారం లేకుండా ఎవరో చేర్చిన వాక్యాన్ని ఒక వార్తా వెబ్‌సైటు ఎత్తి రాస్తుంది, కొన్నాళ్లకు మరొకరు ఆ వార్తనే దానికి మూలంగా తగిలిస్తారు. పేజీ చరిత్ర (వ్యాసంలో జరిగిన మార్పుల జాబితా) తెరిచి ఆ వాక్యం ఏ రోజున చేరిందో చూసి, వార్త తేదీతో పోల్చండి. వార్త తరువాతిదై, వాక్యనిర్మాణం కూడా అచ్చుగుద్దినట్టు ఉంటే దాన్ని వదిలేయాలి. పది సైట్లలో అదే వాక్యం కనిపించడం పది ఆధారాల కింద లెక్కకు రాదు. అవన్నీ ఒక్కచోటి నుంచే ఎత్తి ఉండవచ్చు.

పత్రికలను మొత్తంగా నమ్మడం, మొత్తంగా తోసిపుచ్చడం రెండూ తొందరపాటే. జిల్లా ఎడిషన్‌లో వచ్చిన ఉత్సవ వార్త ఆ ఉత్సవం జరిగిందనడానికి చాలు, గుడి వయసు చెప్పడానికి చాలదు. అయితే కొన్ని పత్రికల తీరు మరీ అధ్వానంగా ఉంటుంది: ఇంగ్లీషు వికీపీడియా సముదాయం 2017లో చర్చించి, బ్రిటన్ పత్రిక డైలీ మెయిల్‌ను మూలంగా వాడటాన్ని సాధారణంగా నిషేధించింది.

ఇతరులు రాసిన వాక్యానికి మూలం లేకపోతే వెంటనే తీసేయకుండా మూలం కావాలని తెలిపే మూస (పేజీలో చేర్చే సిద్ధంగా ఉన్న గుర్తు) పెట్టి, ఆ వ్యాసపు చర్చాపేజీలో అడగండి. బతికున్న వ్యక్తులపై ఆధారంలేని ఆరోపణలకు మాత్రం ఈ వాయిదా వర్తించదు, వాటిని చూసిన వెంటనే తొలగించాలి. చర్చలో "అందరికీ తెలుసు" అనకుండా, మూలంలోని అసలు వాక్యాన్ని ఉటంకించి పుట సంఖ్య ఇవ్వండి. ఇద్దరి మధ్య తేలకపోతే, మార్పులను అటూ ఇటూ రద్దు చేసుకుంటూ పోకుండా రచ్చబండలో (తెలుగు వికీపీడియా వాడుకరులందరి చర్చావేదికలో) పెట్టి నలుగురి అభిప్రాయం కోరండి.