గుడ్డ కొనే ముందు ఊది చూడండి
బెంగళూరులో మా ఇంటి చిన్న గదిలో వాయిస్ రికార్డింగ్ కోసం, గోడల నుంచి వచ్చే ప్రతిధ్వనిని పీల్చుకునే ప్యానెల్స్ నేనే చేసుకున్నాను. కోడిగుడ్ల అట్టలు అంటించకండి, దుమ్ము పట్టడం తప్ప పెద్దగా లాభం లేదు. ఘనమీటరుకు 48 కిలోల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూది లాంటి పీచు) పలకలు, 2 అంగుళాల మందానివి, చెక్క ఫ్రేములో పెట్టి గుడ్డ చుట్టాలి. చిక్‌పేటలో గుడ్డ కొనేటప్పుడు నోటికి ఆనించి ఊదాను. దుకాణాయన వింతగా చూశాడు గానీ, గాలి సులువుగా అవతలికి పోతేనే శబ్దమూ లోపలికి పోతుంది. అసలు కిటుకు ఇంకోటుంది: ఫ్రేమును గోడకు ఆనించకుండా వెనక 2 అంగుళాల ఖాళీ వదలండి. గోడను ఆనుకుని గాలి కదలిక తక్కువ, కాస్త ఎడంగా ఎక్కువ. అందుకే అదే పలక బరువైన, లోతైన (బేస్) శబ్దాలను ఇంకా బాగా పీల్చుకుంటుంది. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. నేను బనియన్‌తో కూర్చుని రెండు రోజులు గోక్కున్నాను.